ధనబలి సినిమాలు: ఒవెర్రి మంటల నుంచి ఎనుగు ఆంక్ష దాకా

డబ్బు కోసం చేసే నరబలిని సినిమాల్లో గొప్పగా చూపించడానికి వీల్లేదని నైజీరియా సెన్సార్ బోర్డు 2024 మేలో ఎనుగు నగరంలో ప్రకటించినప్పటి నుంచి, ఇలాంటి హత్యలకు సినిమాలే కారణమా అన్న పాత తగువు మళ్లీ రాజుకుంది. పొగతాగడాన్నీ అదే నిబంధనలో చేర్చారు గానీ, గొడవంతా బలి గురించే. ఆగ్నేయ నైజీరియాలోని ఇగ్బో జాతివాళ్లు దీన్ని ‘ఓగ్వు ఈగో’ అంటారు. డబ్బు తెచ్చే మందు అని అర్థం. ప్రాణం తీస్తే సంపద వచ్చిపడుతుందన్న నమ్మకం అది.

1992లో కెనెత్ న్నెబ్యూ తీసిన ‘లివింగ్ ఇన్ బాండేజ్’తో నైజీరియాలో ఇంటి వీడియో సినిమా (క్యాసెట్ల మీద అమ్మే సినిమా) ఊపందుకున్న సంగతి అందరూ చెప్పేదే. భార్యను బలిచ్చి ధనవంతుడైన ఆండీ కథ కాబట్టి, సినిమాల మీద నింద మోపేవాళ్లు అక్కడి నుంచే లెక్క మొదలుపెడతారు. అసలు మలుపు నాలుగేళ్ల తర్వాత ఆగ్నేయ నైజీరియా నగరం ఒవెర్రిలో వచ్చిందని నేననుకుంటాను.

1996 సెప్టెంబరులో ఆ ఊళ్లో పల్లీలు అమ్ముకునే 11 ఏళ్ల పిల్లవాణ్ని ఒటోకోటో హోటల్లో చంపేశారు. తెగిన తలతో ఒకడు దొరికిపోయాడు. ఆ దృశ్యం టీవీలో వచ్చింది. హోటల్ ఆవరణలో తవ్వితే మొండెం బయటపడింది. దొరికినవాడు కొద్దిరోజులకే పోలీసు కస్టడీలో చనిపోయాడు. ఊరు భగ్గుమంది. జనం హోటల్‌ను తగలబెట్టి అక్కడితో ఆగలేదు, సంపాదన ఎక్కడిదో తెలియని కొత్త ధనవంతుల ఇళ్లూ కార్లూ వెతికి మరీ కాల్చారు. సైనిక పాలన నడుస్తున్న కాలం. 1986 ఆర్థిక సంస్కరణల తర్వాత దేశ కరెన్సీ నైరా విలువ పడిపోయింది, చదువుకున్నవాడికి ఉద్యోగం లేదు, ‘419’ మోసగాళ్లు (మాయమాటలతో ముందస్తుగా డబ్బు గుంజేవాళ్లు) మాత్రం మేడలు కడుతున్నారు. ఆ డబ్బు ఎలా వచ్చిందన్న జనం ప్రశ్నకు పోలీసులూ కోర్టులూ జవాబివ్వలేదు. ఇచ్చింది వీడియో క్యాసెట్టే.

సినిమావాళ్లు ఇప్పుడు అంటున్నదీ ఇదే. భయం ముందే ఉంది, మేం దానికి కథ కట్టాం అని. ఆ కథల్లో బలిచ్చినవాడు సుఖపడడు. చనిపోయిన భార్య ఆత్మ వెంటాడుతుంది, పిచ్చెక్కుతుంది, చివరికి చర్చి గడప తొక్కుతాడు. రెండు గంటలు కార్లూ మేడలూ చూపించి ఆఖర్న పాస్టర్‌ను తెస్తే కుర్రాళ్లకు గుర్తుండేది కార్లేనన్నది విమర్శకుల వాదన.

2022 జనవరిలో నైజీరియాలోని అబెయొకుతా నగరంలో ధనబలి కోసం ఓ యువతిని చంపి తల కాల్చిన కుర్రాళ్లలో ఒకడు ఆ పద్ధతిని ఫేస్‌బుక్‌లో చూశానని పోలీసులకు చెప్పాడు. అయినా తర్వాతి నెలలో సమాచార మంత్రి సెన్సార్ బోర్డును పంపింది సినిమాల మీదికే.

సినిమాలకు తప్పే లేదనను. నైజీరియాలోని అక్వా ఇబోం రాష్ట్రంలో పసిపిల్లలు మంత్రగాళ్లని చూపిన మతప్రచార వీడియోలు నిజంగా హాని చేశాయి. పిల్లలను ఇళ్ల నుంచి తరిమేశారు. అలాంటి ముద్ర వేయడం నేరమని 2008లో ఆ రాష్ట్రం చట్టం చేయాల్సి వచ్చింది. కానీ అక్కడ తెర మీద దోషిగా నిలబెట్టింది పిల్లలను, ధనబలి కథల్లో నిలబెట్టింది హంతకుణ్ని. కొత్త నిబంధనను అమలు చేసేవాళ్లు ఈ తేడా చూడాలి.

ఆండీకి పిచ్చెక్కడం చూడాలంటే ప్రేక్షకులు రెండో క్యాసెట్ దాకా ఆగితే సరిపోయింది. ఒవెర్రి కేసులో మరణశిక్షలు పడేసరికి 2003 వచ్చింది.