ఉల్లి వేరు కొసన కణ విభజన

ఉల్లిగడ్డ అడుగు మాత్రమే నీటికి తగిలేలా గ్లాసు మూతి మీద నిలబెడితే నాలుగైదు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. వేరు పొడుగునా పెరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, కొత్త కణాలు ఎక్కువగా పుట్టేది కొసన ఉన్న రెండు మూడు మిల్లీమీటర్లలోనే. ఆ పైన ఉన్నవి సాగుతాయంతే. స్లైడులో విభజన దొరకలేదంటే మైక్రోస్కోపును అనుమానించే ముందు కోసిన ముక్క కొసదేనా అని చూసుకోవాలి.

వేర్లను కత్తిరించిన వెంటనే ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచుతారు. ఏ కణం ఏ దశలో ఉందో అక్కడే ఆగిపోతుంది. తర్వాత 60 డిగ్రీల వేడిలో 1 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఐదు నిమిషాలు. కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ దీంతో వదులవుతుంది. ఇది చాలకపోతే కణాలు ఒకదాని మీద ఒకటి ముద్దగా పడతాయి. అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు పట్టించి, కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ కాగితం వేసి, బొటనవేలితో నిటారుగా నొక్కాలి. వేలు పక్కకు జారితే కణాలు దొర్లి చిరిగిపోతాయి.

చూసినప్పుడు చాలా కణాల్లో గుండ్రటి కేంద్రకమే ఉంటుంది. అవి ఊరికే లేవు. రెండు విభజనల మధ్య కాలమైన అంతర్దశలో పెరుగుతూ, డీఎన్ఏకు నకలు తీసుకుంటున్నాయి. ఉల్లి డీఎన్ఏ మన డీఎన్ఏకు దాదాపు ఐదింతలు. క్రోమోజోములు అంత పెద్దగా కనిపించేది అందుకే. మధ్యస్థ దశలో 16 క్రోమోజోములు, ఒక్కొక్కటి జంట పోగులుగా, కణం నడుమ వరుస కడతాయి. వాటిని చెరో వైపుకు లాగే సన్నటి దారాల కట్టను కండె అంటారు. ఒక్కటి ఆ కండె తంతువులకు సరిగా తగులుకోకపోయినా కణం ముందుకు పోకుండా ఆగుతుంది. ఆ కాపలా ఎంతో అవసరం. ఒక క్రోమోజోము తప్పితే వేల జన్యువుల మోతాదు తారుమారవుతుంది. అన్నీ కుదిరాక జంటలు విడిపోయి చెరో వైపుకు 16 చొప్పున వెళ్తాయి. జంతుకణంలా నడుమ నొక్కుకుపోవడానికి గట్టి కణకవచం ఒప్పుకోదు. అందుకే మధ్యలో కొత్త గోడగా మారే పలక మొదలై అంచులకు పాకుతుంది.

అడవినాభి మొక్కలో ఉండే కోల్చిసిన్ అనే విషపదార్థం ఈ కండెను కట్టనివ్వదు. క్రోమోజోములు రెట్టింపయ్యాక కూడా ఒకే కణంలో ఉండిపోతాయి. గింజల్లేని పుచ్చకాయ వచ్చింది ఈ దారిలోనే. 22 క్రోమోజోముల మొక్కను 44కు పెంచి, మళ్లీ 22 ఉన్నదానితో సంకరం చేస్తే 33 ఉన్న విత్తనం వస్తుంది. ఆ మొక్క కణాలు మామూలుగానే విభజన చెంది తీగ పెరుగుతుంది, కాయ కాస్తుంది. బీజకణాలు తయారయ్యేటప్పుడు మాత్రం మూడేసి క్రోమోజోములు సమంగా జత కుదరక గింజ కట్టదు.