పాత ట్రక్కుకు పెద్ద టైర్లు, ఎలక్ట్రిక్ ఫ్యాన్లు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

మన పాత ట్రక్కుకు ఇప్పుడున్న వాటికంటే పెద్ద టైర్లు వేయాలనీ, ఇంజను ముందున్న బెల్టు ఫ్యానును తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు బిగించాలనీ మీరు రాసిన ఉత్తరం అందింది. రెండూ చేయదగిన పనులే. అయితే మీరు వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని పనులుగా రాశారు; నేను ఇంత వివరంగా జవాబు రాయడానికి అదే కారణం. టైరు పెరిగితే ఇంజను మీద భారం పెరుగుతుంది. భారంతో పాటు వేడి పెరుగుతుంది. ఆ వేడిని తీసేయవలసింది మీరు మార్చబోయే ఫ్యానే. ఆ ఫ్యానుకు కరెంటు ఇవ్వవలసిందేమో, దీపాలకూ బ్యాటరీకీ సరిపోతే చాలునని ఆ రోజుల్లో అమర్చిన చిన్న ఆల్టర్నేటరు (ఇంజను తిప్పగా కరెంటు పుట్టించే యంత్రం). కాబట్టి టైరు దగ్గర మొదలుపెట్టి ఆల్టర్నేటరు దాకా వరుసగా చెబుతాను.

మీ టైరు పక్కగోడ మీద 235/75 ఆర్ 15 అని ఉందన్నారు. 235 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతమని. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. పక్కగోడ ఎత్తు పైనా కిందా రెండుసార్లు కలుస్తుంది కనుక 352.5 మిల్లీమీటర్లు, రిమ్ము 381 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం 733.5 మిల్లీమీటర్లు. మీరు వేయాలనుకుంటున్న 31 అంగుళాల టైరు వ్యాసం సుమారు 787. పెరుగుదల 54 మిల్లీమీటర్లే, అందులో సగం, అంటే 27 మిల్లీమీటర్లు మాత్రమే, బండి నేల నుంచి పైకి లేస్తుంది. వినడానికి చిన్న మార్పుగానే ఉంది. కానీ కిలోమీటరు నడవడానికి సుమారు 434 చుట్లు తిరిగిన చక్రం ఇప్పుడు 404 చుట్లే తిరుగుతుంది. స్పీడోమీటరు లెక్కపెట్టేది చుట్లనే గాని నేలను కాదు. ముల్లు 80 చూపిస్తున్నప్పుడు మీరు నిజంగా 86 వేగంతో వెళుతుంటారు. పాత బండ్లలో స్పీడోమీటరు కేబులును తిప్పే చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం గేర్‌బాక్సు పక్కన ఉంటుంది. సరైన పళ్ళ సంఖ్య ఉన్నది వేస్తే ఈ తేడా పోతుంది. టైర్లు మార్చిన రోజునే దాన్నీ మార్చండి, తర్వాత చూద్దామనుకోవద్దు.

ఇంజను పడే కష్టం కూడా ఈ 7 శాతం లెక్కలోనే ఉంది. వెనుక ఇరుసులోని క్రౌన్ పినియన్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇరుసుకు వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) 3.73 అయితే, పెద్ద టైరుతో అది దాదాపు 3.47 లాగా పనిచేస్తుంది. అంటే బండి ప్రతి గేరులోనూ కొంచెం పై గేరులో ఉన్నట్టే నడుస్తుంది. చదునైన రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ మీదా, ఆటోమేటిక్ గేర్‌బాక్సు అయితే దాని నూనె మీదా, వేడి రూపంలో తెలుస్తుంది. బ్రేకుల సంగతీ అంతే: బ్రేకు చక్రాన్ని పట్టి ఆపే బలం మారదు, కానీ చక్రం పెద్దదైంది కనుక నేల దగ్గరికి వచ్చేసరికి ఆ బలం సుమారు 7 శాతం తగ్గుతుంది. పెద్ద టైరు బరువు కూడా ఎక్కువే. బ్రేకు లైనింగులు, గొట్టాలు, బ్రేకు ఆయిలు మంచి స్థితిలో ఉన్నాయని చూసుకోకుండా టైరు జోలికి వెళ్ళకండి. మీరు నా మాట ఒక్కటే వింటారనుకుంటే, ఈ ఒక్క మాట వినండి.

టైరు కొనే ముందు కొలతలు మీరే స్వయంగా తీయండి. స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పి, సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు టైరు ఎక్కడిదాకా వస్తుందో చూడాలి. నిలబడి ఉన్న బండికి రాసుకోని టైరు, మలుపులో గోతిలో పడ్డప్పుడు మడ్‌గార్డును కోస్తుంది. 10.5 అంగుళాల వెడల్పున్న టైరుకు 7 నుంచి 9 అంగుళాల వెడల్పున్న రిమ్ము కావాలి. మీ పాత రిమ్ము అంతకంటే సన్ననిదైతే టైరు ఎంత నచ్చినా ఎక్కించవద్దు. టైరు మోయగల బరువు పాత టైరు కంటే తక్కువ కాకూడదు. టైరు మీద ముద్రించిన నాలుగంకెల తేదీ చూడండి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు చక్రాలకూ డ్రైవు ఉన్న బండి కనుక నాలుగూ ఒకే కొలతవి కావాలి, స్టెప్నీతో సహా. చట్టం ఎంత మార్పును ఒప్పుకుంటుందో, బీమావాళ్ళు ఏమంటారో కొనకముందే అడిగి తెలుసుకోండి.

ఇక ఫ్యాను. ఇప్పుడున్న ఫ్యాను వాటర్ పంపు కప్పీ మీద బెల్టుతో తిరుగుతుంది. దాని మధ్యలో గుండ్రని డబ్బాలా ఉన్నది విస్కస్ క్లచ్. అందులో చిక్కని సిలికాన్ ద్రవం ఉంటుంది. రేడియేటర్ నుంచి వచ్చే గాలి వేడెక్కితే ముందున్న ద్విలోహ స్ప్రింగు కదిలి ద్రవాన్ని పనిలోకి దింపుతుంది, అప్పుడు ఫ్యాను గట్టిగా పట్టుకుని తిరుగుతుంది, చల్లబడితే వదులుతుంది. ఇది చాలా తెలివైన ఏర్పాటు. మంచి స్థితిలో ఉన్న బెల్టు ఫ్యాను విసిరేంత గాలిని చాలా ఎలక్ట్రిక్ ఫ్యాన్లు విసరలేవు. కనుక బండి వేడెక్కుతోందని మాత్రమే మీరు ఫ్యాను మార్చాలనుకుంటే, ముందు రేడియేటర్‌లో పేరుకున్న తుప్పు, బయట పట్టిన దుమ్ము, అరిగిన ఫ్యాను క్లచ్, జారుతున్న బెల్టు, మూసుకుపోయిన థర్మోస్టాట్ (ఇంజనును చల్లబరిచే నీరు వేడెక్కితే రేడియేటర్‌కు దారి తెరిచే కవాటం) ఇవన్నీ చూడండి. పాడైన రేడియేటర్ వెనుక కొత్త ఫ్యాను పెడితే ఆ రేడియేటర్ బాగుపడదు.

అయినా ఎలక్ట్రిక్ ఫ్యానుకు నిజమైన లాభాలున్నాయి. ఫ్యాను తినే శక్తి దాని వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి; బెల్టు ఫ్యాను ఆ శక్తిని నేరుగా ఇంజను నుంచే లాగుతుంది. బండి బాగా వేగంగా వెళుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌కు సరిపోతుంది, అప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాను పూర్తిగా ఆగిపోవచ్చు. నెమ్మదిగా రాళ్ళ దారిలో ఎక్కుతున్నప్పుడు ఇంజను వేగంతో పనిలేకుండా అది పూర్తి గాలి ఇస్తుంది. పెద్ద టైర్లతో మీరు వెళ్ళాలనుకుంటున్నది సరిగ్గా అలాంటి దారులకే కదా, ఎదురుగాలి లేని, భారం ఎక్కువైన చోటికి. నీళ్ళలో దిగే ముందు స్విచ్చుతో ఫ్యాను ఆపుకోవచ్చు కూడా. తిరుగుతున్న రెక్కలు నీటిని తాకితే వంగి రేడియేటర్‌ను చీలుస్తాయి.

అమర్చేటప్పుడు ఫ్యాను రేడియేటర్ వెనుక ఉండి గాలిని లాగేలా ఉండాలి, దాని చుట్టూ రేడియేటర్ మొత్తాన్ని కప్పే ష్రౌడ్, అంటే గాలిని దారిలో పెట్టే తొడుగు, తప్పనిసరిగా ఉండాలి. ష్రౌడ్ లేని ఫ్యాను తన ఎదురుగా ఉన్న గుండ్రని భాగం గుండానే గాలి లాగుతుంది, మూలలు వేడిగానే మిగిలిపోతాయి. రేడియేటర్ జాలి గుండా గుచ్చి బిగించే ప్లాస్టిక్ కట్లను వాడకండి. నేను చాలా ఏళ్ళ క్రితం అలాగే బిగించాను; అదురుకు ఆ కట్లు సన్నని గొట్టాలను కొద్దికొద్దిగా అరగదీసి, చివరికి దారి మధ్యలో కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) మొత్తం కారిపోయింది. ఇనుప పట్టీలతో చట్రానికే బిగించండి. బిగించాక ముందు జాలి దగ్గర ఒక కాగితం పట్టి చూడండి. అది జాలికి అతుక్కుంటే ఫ్యాను గాలిని సరైన వైపు లాగుతున్నట్టు, ఎగిరిపోతే వైర్లు తిరగబడినట్టు.

కరెంటు విషయంలో తొందర అసలు పనికిరాదు. ఒక్కో ఫ్యాను 25 ఆంపియర్లు తీసుకుంటే రెండింటికీ 50; మొదలయ్యే క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు. హెడ్‌లైట్లకు 9, లోపలి బ్లోయరు, వైపర్లు, ఇగ్నిషన్ అదనం. మీ ఆల్టర్నేటర్ మీద 60 అని రాసి ఉందన్నారు. అది ఇంజను వేగంగా తిరిగేటప్పుడు వచ్చే అంకె. ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, అది సగానికి పడిపోవడం మామూలే. ఫ్యాను అవసరం అన్నిటికంటే ఎక్కువగా పడేదీ ఐడిలింగ్‌లోనే. అందుకే పెద్ద ఆల్టర్నేటరునూ, దాని నుంచి బ్యాటరీకి లావు వైరునూ ముందే వేసి, ఫ్యాన్లను ఆ తర్వాతే తెచ్చుకోండి. ప్రతి ఫ్యానుకూ విడిగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), బ్యాటరీకి దగ్గరగా విడిగా ఫ్యూజు, 5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి వైరు ఉండాలి. డాష్‌బోర్డు స్విచ్చు గుండా వెళ్ళవలసింది రిలేను మేల్కొలిపే ఆ చిన్న కరెంటు మాత్రమే; ఫ్యాను కరెంటు మొత్తం స్విచ్చు గుండా పంపితే స్విచ్చు కరిగి బండి అంటుకుంటుంది.

ఫ్యాను ఎప్పుడు మొదలవ్వాలన్నది థర్మోస్టాట్‌ను బట్టి ఉంటుంది. 82 డిగ్రీల వద్ద తెరుచుకోవడం మొదలుపెట్టే థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకునేసరికి 95 దాకా వస్తుంది. ఫ్యానును 80 దగ్గర పెడితే అది ఇక ఆగదు, లాభమూ ఉండదు. ఇంజను హెడ్డు దగ్గర అమర్చిన సెన్సరుకు 95 వద్ద ఆన్, 90 వద్ద ఆఫ్ సరిపోతుంది. 95 అంకె చూసి భయపడకండి. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంటు, 15 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత సరిగ్గా ఉంటే, 129 డిగ్రీల దగ్గర గాని మరగదు. ఆ కారణం చేతనే వేడిగా ఉన్నప్పుడు మూత తీయకూడదు. ఒత్తిడి పోయిన మరుక్షణం అది పైకి చిమ్మి ముఖాన్ని కాలుస్తుంది. ఎలక్ట్రిక్ ఫ్యాను ఇంజను ఆగి ఉన్నా తిరగడం మొదలుపెట్టవచ్చు, కనుక బ్యాటరీ తీగ విప్పకుండా దాని దగ్గర చేయి పెట్టవద్దు.

అన్నీ అయ్యాక ఎండ వేళలో బండిని అరగంట ఐడిలింగ్‌లో ఉంచి, లైట్లూ బ్లోయరూ వేసి, బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. 13 కంటే కిందికి జారుతూ ఉంటే ఆల్టర్నేటరు చాలడం లేదు. 80 కిలోమీటర్లు నడిపాక చక్రాల నట్లు మళ్ళీ టార్కు పానాతో బిగించండి. తీసిన పాత ఫ్యానును, దాని క్లచ్‌ను, ష్రౌడ్‌ను పారేయకండి, ఎలక్ట్రిక్ ఫ్యాను మధ్యలో మొరాయిస్తే బండిని మళ్ళీ నడిపేవి అవే. క్లచ్‌ను మాత్రం పడుకోబెట్టకుండా, ఇంజను మీద ఉన్నట్టే నిలువుగా దాచండి. పడుకోబెడితే లోపలి సిలికాన్ ద్రవం కారిపోవచ్చు.

మీ పెదనాన్న