వైరస్ పోయింది, ఎర్రర్ ఎందుకు మిగిలింది?

మారతహళ్ళిలో పీజీ నడిపే మదనపల్లె అక్క ఒకావిడ ఎనిమిది నెలల పాటు రోజూ పొద్దున్నే ఒకే పని చేసింది. కంప్యూటర్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చీ రాగానే మధ్యలో ఒక చిన్న పెట్టె తేలేది. పైన ‘రన్‌డిఎల్ఎల్’ అని పేరు. లోపల సి డ్రైవ్‌తో మొదలై, యాప్‌డేటా అనే ఫోల్డర్ మీదుగా పోయి, ఏ భాషలోనూ అర్థం లేని ఏడెనిమిది అక్షరాల ఫైలు పేరుతో ముగిసే పొడవాటి దారి. దాని కింద ‘ద స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్’, అంటే చెప్పిన ఫైలు దొరకలేదని. ఆవిడ ఓకే నొక్కేది, పెట్టె పోయేది, అద్దెల లెక్క రాసుకోవడం మొదలుపెట్టేది. “నొక్కితే పోతుంది గానీ తమ్ముడూ, లోపల ఇంకా ఏముందో అని టెన్షన్” అంది నాతో.

ఆ భయానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఆ మెషీన్‌కి నిజంగానే వైరస్ పట్టింది. యాంటీవైరస్ వేసి, అది పట్టుకున్నవన్నీ తీసేశారు. ఆ మర్నాటి నుంచే ఈ పెట్టె. దగ్గర్లోని ఒక రిపేర్ షాపుకు తీసుకెళితే, వైరస్ పోలేదు, ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారట. అందులో ఆరేళ్ళ అద్దెల లెక్కలున్నాయి, కూతురి పెళ్ళి ఫోటోలున్నాయి. బ్యాకప్ లేదు. ఆవిడ ఒప్పుకోకుండా ఇంటికి తెచ్చేసుకుంది. ఎంత మంచి పని చేసిందో! ఇలాంటి ఒక్క మెసేజ్ కోసం ఫార్మాట్ కొట్టించుకుని, ఫోటోలు పోయాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళను ఈ బెంగళూరులో నేను చూశాను. అసలు ఈ మెసేజ్ ఎక్కడి నుంచి వస్తుంది, దీని వెనక కథేమిటి అనేది అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆవిడకు ఆవిడ పీజీతోనే చెప్పాను. 204లో ఉన్న కుర్రాడు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. కానీ వాచ్‌మన్ పుస్తకంలో ‘పొద్దున ఆరింటికి 204 వాళ్ళని లేపాలి’ అన్న ముక్క అలాగే ఉండిపోయింది. వాచ్‌మన్ రోజూ ఆరింటికి వెళ్ళి తలుపు కొడతాడు, ఎవరూ పలకరు, వచ్చి ‘లోపల ఎవరూ లేరమ్మా’ అని చెబుతాడు. ఆ పెట్టె ఆ వాచ్‌మన్ మాట. వైరస్ ఫైలు పోయింది. దాన్ని లేపమని రాసుకున్న ముక్క పోలేదు.

కంప్యూటర్‌లో ఈ పుస్తకం చరిత్ర పాతదే. విండోస్‌కి ముందున్న డాస్ కాలంలో అది నిజంగా ఒక పేజీ. ఆటోఎగ్జెక్.బ్యాట్ అనే మామూలు టెక్స్ట్ ఫైలు. కంప్యూటర్ లేవగానే ఏమేం నడవాలో అందులో వరసగా రాసి ఉండేది, తెరిచి చదువుకోవచ్చు. 1992లో విండోస్ 3.1 వచ్చేసరికి విన్.ఇని ఫైల్లో ‘లోడ్’, ‘రన్’ అని రెండు వరసలు, స్టార్టప్ అని ఒక గ్రూపు ఉండేవి. అప్పటికీ కంటికి ఆనేంత చిన్న పుస్తకమే. 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలైంది. దాంతో సెట్టింగులన్నీ రిజిస్ట్రీ అనే పెద్ద గిడ్డంగిలోకి చేరాయి. స్టార్టప్ ముక్కలు రాసుకోవడానికి అందులో ‘రన్’ అనే చోటు పెట్టారు. ఒకటి మెషీన్ మొత్తానికి, ఇంకొకటి ఒక్కొక్క యూజర్‌కి విడిగా. ఇవి కాక స్టార్టప్ ఫోల్డర్, సర్వీసులు, ఎన్‌టి విండోస్ నుంచి వచ్చిన, లాగిన్ పని చూసే విన్‌లాగాన్, చెప్పిన వేళకు ప్రోగ్రాములు నడిపే టాస్క్ షెడ్యూలర్. చూస్తూ చూస్తూ ఒక్క పుస్తకం పది పుస్తకాలైంది.

దీన్ని దొంగల కోసం కట్టలేదు. ప్రింటర్ సాఫ్ట్‌వేర్, లేఖిని లాంటి పని చేసే తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్లు, యాంటీవైరస్, అన్నీ ఆ చోట్లోనే ముక్క రాసుకుని లేస్తాయి. కాకపోతే యూజర్‌కి విడిగా ఉన్న ‘రన్’లో రాయడానికి ఈనాటికీ అడ్మిన్ అనుమతి అక్కర్లేదు. ఏ ప్రోగ్రామైనా వచ్చి చడీచప్పుడు లేకుండా ఒక వరస రాసి పోవచ్చు. మాల్వేర్, అంటే వైరస్‌ల లాంటి దొంగ ప్రోగ్రాములు, రాసేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ‘రన్‌డిఎల్ఎల్’ పేరు చూసి చాలామంది దాన్నే వైరస్ అనుకుంటారు. పాపం, దాని తప్పేం లేదు. డిఎల్ఎల్ అంటే వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్ ఉన్న ఫైలు. అది తనంతట తాను నడవలేదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టి నడిపించాలి. ఆ పని చేసేది రన్‌డిఎల్ఎల్32. సిస్టమ్32 ఫోల్డర్లో ఉండే అసలు సిసలైన విండోస్ ఫైలు అది. మాల్వేర్ తన డిఎల్ఎల్‌ని యాప్‌డేటాలో దాచి, ‘లాగిన్ అవగానే దీన్ని నడిపించు’ అని రన్‌లో ఒక వరస రాసి పోతుంది. యాంటీవైరస్ ఆ డిఎల్ఎల్‌ని తీసేశాక, పిలిచినా పలకడం లేదని రన్‌డిఎల్ఎల్ నిజాయితీగా చెబుతోంది. ఇలాంటప్పుడు మాడ్యూల్ దొరకలేదు అందంటే సాధారణంగా దొంగ ఫైలు ఆ చోట లేదనే అర్థం.

ఇదే మెసేజ్‌కి ఇంకో రూపం ‘విండోస్ స్క్రిప్ట్ హోస్ట్’ పేరుతో వస్తుంది. స్క్రిప్ట్ ఫైలు దొరకలేదు అంటుంది. స్క్రిప్టులనే చిన్న చిన్న ప్రోగ్రాముల్ని నడిపే ఈ స్క్రిప్ట్ హోస్ట్ విండోస్ 98తో పాటు ఇళ్ళలోకి వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, 2000 మే 4న, ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన ‘ఐ లవ్ యూ’ వార్మ్, అంటే ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి తానే పాకే మాల్వేర్, ప్రపంచమంతా పాకింది. ప్రేమలేఖ పేరుతో మెయిల్‌లో వచ్చే ఒక విబిఎస్ స్క్రిప్ట్ అది. తెరిస్తే ఫోటో ఫైళ్ళ మీద తన కాపీ రాసేసేది. దానికంటే ముందు విండోస్ ఫోల్డర్లలో ‘ఎంఎస్‌కెర్నల్32’, ‘విన్32డిఎల్ఎల్’ అని అసలువాటిలా వినిపించే పేర్లతో తన కాపీలు పెట్టుకుని, వాటిని లేపమని రిజిస్ట్రీలో వరసలు రాసేది. అంటే ఇల్లూ పుస్తకమూ రెండూ శుభ్రం చేస్తేనే పూర్తిగా పోయినట్టు. పాతికేళ్ళు దాటినా మాల్వేర్ ఈ పద్ధతి వదల్లేదు.

మరి యాంటీవైరస్ ఆ వరసను కూడా ఎందుకు తీసేయదు? చాలాసార్లు తీసేస్తుంది. తీయలేని సందర్భాలూ ఉన్నాయి. యాంటీవైరస్ ప్రధానంగా వెతికేది ఫైళ్ళలో. ఫైల్లో దొంగ కోడ్ ఉంటే గుర్తుపడుతుంది. రిజిస్ట్రీలో ఉన్నది కోడ్ కాదు, ఒక పేరూ ఒక దారీ మాత్రమే. పైగా ప్రతి మెషీన్లో ఆ పేరు వేరేగా ఉండేలా మాల్వేర్ చూసుకుంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒక్కొక్క యూజర్ రిజిస్ట్రీ వాళ్ళ ఫోల్డర్లోనే ఎన్‌టియూజర్.డ్యాట్ అనే ఫైలుగా ఉంటుంది. ఆ యూజర్ లాగిన్ అయినప్పుడే అది తెరుచుకుంటుంది. అక్క ఇంట్లో జరిగింది ఇదే అయి ఉంటుందని నా లెక్క. స్కాన్ చేసింది కొడుకు అకౌంట్లో. పెట్టె వస్తున్నది ఆవిడ అకౌంట్లో. కొడుకు లాగిన్ అయితే రాదు. షాపులో ఈ ఒక్క తేడా గమనించి ఉంటే ఫార్మాట్ మాటే వచ్చేది కాదు.

ఇలా మిగిలిపోయిన వరసలను ఏరడం 2000 తర్వాత ఒక విద్యగా తయారైంది. నెదర్లాండ్స్ విద్యార్థి మెరైన్ బెలెకోమ్ రాసిన హైజాక్‌దిస్ అనే చిన్న టూల్ ఆ పుస్తకాలన్నీ చదివి ఒకే జాబితాగా ఇచ్చేది. స్టార్టప్ వరసలకు ముందు ‘ఓ4’ అని గుర్తు. ఫైలు లేని వరసల్లో కొన్నిటి పక్కన ‘ఫైల్ మిస్సింగ్’ అని రాసేది. అది తెలిసినవాళ్ళ చేతిలో బంగారం, తెలియనివాళ్ళ చేతిలో కత్తి. ఏది మంచి వరసో ఏది చెడ్డ వరసో అది చెప్పేది కాదు. 2007లో దాన్ని ట్రెండ్ మైక్రో కొనుక్కుంది. మరోవైపు మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ 1996లో మొదలుపెట్టిన సిస్‌ఇంటర్నల్స్ అనే టూల్స్ సైట్ నుంచి, ఇలాగే స్టార్టప్ వరసలన్నీ చూపించే ఆటోరన్స్ వచ్చింది. 2006లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ కంపెనీని తీసుకుంది. అందువల్ల ఆటోరన్స్ ఇప్పుడు మైక్రోసాఫ్ట్ సైట్లోనే ఉచితంగా దొరుకుతుంది. నా పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడూ ఉండే టూల్ ఇదొక్కటే.

స్టార్టప్ వరసలు చూపించడానికి విండోస్‌లోనే ఉన్న ఎంఎస్‌కాన్ఫిగ్ అనే టూల్ విండోస్ 98 నాటిది. 2012లో విండోస్ 8తో స్టార్టప్ జాబితా టాస్క్ మేనేజర్‌లోకి మారింది. అందులో పేరు బదులు వట్టి ‘ప్రోగ్రామ్’ అని, బొమ్మ లేకుండా కనబడేది చాలాసార్లు ఇలా మిగిలిపోయిన వరసే. అయితే టాస్క్ షెడ్యూలర్‌లో ఉన్నవి అక్కడ కనబడవు. 2013, 14 ప్రాంతంలో బ్రౌజర్ టూల్‌బార్లు తీసేసినవాళ్ళకు ‘బ్యాక్‌గ్రౌండ్ కంటైనర్.డిఎల్ఎల్’ దొరకలేదని మెసేజ్ వచ్చేది. దాని వరస ఉన్నది షెడ్యూలర్‌లోనే. స్టార్టప్ జాబితా ఎంత వెతికినా ఏం దొరుకుతుంది? పెట్టె లాగిన్ అయినప్పుడే కాక మధ్యమధ్యలో కూడా వస్తుంటే ముందు చూడాల్సిన చోటు అదే.

బెంగళూరుకొచ్చిన మన పిల్లలకు ఈ గొడవ ఎక్కువగా అంటుకున్నది పెన్‌డ్రైవ్ ద్వారా. మారతహళ్ళి బ్రిడ్జి చుట్టూ కోచింగ్ సెంటర్లు, వాటి పక్కన జిరాక్స్ షాపులు. కడప నుంచో అనంతపురం నుంచో వచ్చిన కుర్రాడు రెజ్యూమె ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ ఇస్తాడు. షాపు మెషీన్లో రోజుకు ఎన్నో పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీస్తారు. రూముకొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయి ఉంటాయి. మొదట్లో ఈ వ్యాప్తికి దారి ఆటోరన్ (పైన చెప్పిన ఆటోరన్స్ టూల్ కాదు). సిడి పెట్టగానే తనంతట తాను నడవాలని విండోస్ 95లో పెట్టిన సౌకర్యం అది. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ వార్మ్ ఆ దారిని కూడా వాడుకుంది. 2009లో విండోస్ 7 పెన్‌డ్రైవ్‌లకు ఆ దారి మూసేసింది, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పి, విస్టాలకూ అప్‌డేట్ వచ్చింది. మనిషి చేతే డబుల్ క్లిక్ చేయించే షార్ట్‌కట్ పద్ధతికి మాత్రం ఆ తలుపుతో పని లేదు. నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనక స్క్రిప్టూ నడుస్తుంది, స్టార్టప్‌లో వరసా పడుతుంది. కంప్యూటర్ భద్రత చూసే మన ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్రం తెరిచి, ఇలాంటివి శుభ్రం చేసే టూల్స్ ఉచితంగా ఇస్తోంది. పెన్‌డ్రైవ్‌ల కోసం యుఎస్‌బి ప్రతిరోధ్ అని విడిగా ఒకటుంది. మన షాపుల్లో దాని పేరు చెప్పేవాళ్ళు తక్కువ.

అక్క మెషీన్ దగ్గర కూర్చున్న రోజు ముందుగా చేసింది ఫోటోలూ లెక్కలూ వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయడం. తర్వాత ఆవిడ అకౌంట్లోనే లాగిన్ అయి, ఇంకో కంపెనీ స్కానర్‌తో మొత్తం స్కాన్. ఏమీ దొరకలేదు. ఈ మెట్టు మానకూడదు, ఎందుకంటే ఒక ఫైలు పోయినంత మాత్రాన దాని తోడుదొంగ కూడా పోయినట్టు కాదు. ఆ తర్వాతే ఆటోరన్స్ తెరిచాను. మైక్రోసాఫ్ట్ వరసలు దాచిపెట్టమంటే జాబితా సగానికి పైగా తగ్గింది. మిగిలినదాంట్లో రెండు వరసలు పసుపు రంగులో ఉన్నాయి, పక్కన ‘ఫైల్ నాట్ ఫౌండ్’. ఒకటి ఎప్పుడో తీసేసిన ప్రింటర్‌ది. రెండోది యాప్‌డేటా దారితో, పెట్టెలో వచ్చే అవే అక్షరాలతో ఉంది. అక్క కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్‌కి దగ్గరగా వంగి, తన పుస్తకంలో రాసుకున్న పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూసింది. “ఇదే తమ్ముడూ, ఇదే.”

వెంటనే డిలీట్ కొట్టలేదు. ముందున్న టిక్ తీసేశాను. టిక్ తీస్తే వరస పక్కన పడి ఉంటుంది, పొరపాటైతే మళ్ళీ పెట్టుకోవచ్చు. పసుపు కనబడగానే అన్నీ తీసేయడం కూడా తప్పే. పేరూ దారీ మెసేజ్‌లో ఉన్నదానితో సరిపోవాలి. విన్‌లాగాన్‌లో ఉండే ‘యూజర్‌ఇనిట్’ (లాగిన్ కాగానే నడిచే విండోస్ ప్రోగ్రామ్) వరసైతే మరీ జాగ్రత్త. మాల్వేర్ అక్కడ తన పేరు రాసుకుని ఉంటే, దాన్ని తీసేసి ఊరుకోకూడదు, అసలు యూజర్‌ఇనిట్ దారి తిరిగి రాయాలి. లేకపోతే లాగిన్ అయిన మరుక్షణం లాగౌట్ అయిపోతూ మెషీన్ లోపలికే రానివ్వదు. అప్పుడిక పెట్టె ఒక్కటే ఉన్న రోజులే నయమనిపిస్తుంది.

దొరకలేదన్న డిఎల్ఎల్‌ని ఏదో సైట్ నుంచి దింపుకుని ఆ చోట పెట్టేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఖాళీ అయిన గదిలోకి మళ్ళీ దొంగనే పిలిచి కూర్చోబెట్టినట్టు. రిజిస్ట్రీ క్లీనర్లు కూడా వద్దు. ఒక్క వరస కోసం వందల వరసలు కెలికే పని అది.

రీస్టార్ట్ చేశాం. అక్క పాస్‌వర్డ్ కొట్టి, అలవాటుగా చెయ్యి మౌస్ మీద పెట్టుకుని కూర్చుంది, ఓకే బటన్ ఎక్కడ తేలుతుందో ఆ చోటికి బాణం తీసుకెళ్ళి. డెస్క్‌టాప్ వచ్చింది. గడియారం వచ్చింది. పెళ్ళి ఫోటో వాల్‌పేపర్ మీద ఏమీ తేలలేదు. ఒక నిమిషం అలాగే చూసి, మౌస్ మీంచి చెయ్యి తీసింది. తర్వాత డ్రాయర్ లాగి, తాడు కట్టిన ఒక పెన్‌డ్రైవ్ తీసి నా ముందు పెట్టింది.

“ఇందులో మా అమ్మ ఫోటోలున్నాయి. అన్నీ షార్ట్‌కట్లే కనబడతున్నాయి. పోయినట్టేనా తమ్ముడూ?”

“పోలేదక్కా, దాచిపెట్టి ఉంటాయి” అన్నాను. ముందు స్కాన్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఆట్రిబ్’ కమాండ్‌తో హిడెన్, సిస్టమ్ గుర్తులు తీసేశాను. షార్ట్‌కట్ల పక్కనే అసలు ఫోల్డర్లు ఒక్కొక్కటిగా తేలాయి. మొదటి దాని పేరు ‘అమ్మ, మదనపల్లె’.