పెయింట్‌బాల్ ట్యాంకు: నింపే ప్రెషర్ వేరు, వచ్చే ప్రెషర్ వేరు

పెయింట్‌బాల్ అంటే గాలితో పనిచేసే గన్‌లతో ఒకరి మీద ఒకరు రంగు బంతులు పేల్చుకునే ఆట. ఆ గన్‌కి బిగించే ఎయిర్ ట్యాంకు కొనబోయేవాళ్ళని అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది "హై ప్రెషర్" అనే మాట. ఒక ట్యాంకు మీద 4500 అని ఉంటుంది, పక్కదాని మీద 3000 అని ఉంటుంది. చూడగానే మొదటిది హై, రెండోది లో అనుకుంటాం. కానీ ఆ అంకెలు చెప్పేది ట్యాంకులో ఎంత ప్రెషర్ దాకా గాలి నింపవచ్చో మాత్రమే. గన్‌కి హై కావాలా, లో కావాలా అన్న ప్రశ్న ట్యాంకు మూతి దగ్గరుండే రెగ్యులేటర్ గురించి, అంటే అక్కడి నుంచి గాలి ఎంత ప్రెషర్‌తో బయటికి వస్తుందన్న దాని గురించి. 4500 ట్యాంకుకి లో ప్రెషర్ రెగ్యులేటర్ ఉండవచ్చు. 3000 ట్యాంకుకి హై ప్రెషర్‌ది ఉండవచ్చు.

చెరువులో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నా పొలానికి చేరేది తూము వదిలినంతే. ఇక్కడ తూములు రెండు. ఒకటి ట్యాంకు మీద, రెండోది చాలా గన్‌ల లోపలే ఉంటుంది.

ముందు అంకెలు చూద్దాం. కారు టైరులో గాలి ప్రెషర్ సుమారు 32 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే కొలత). నిండు కార్బన్ ఫైబర్ ట్యాంకులో 4500, అంటే టైరుకి 140 రెట్లు. ఆటగాళ్ళు ఎక్కువగా వాడే 68 క్యూబిక్ అంగుళాల ట్యాంకులో పట్టేది లీటరు కంటే కాస్త ఎక్కువ నీళ్ళు. అందులోనే దాదాపు 300 లీటర్ల మామూలు గాలిని కుక్కి పెడతారు. అల్యూమినియం ట్యాంకులు సాధారణంగా 3000 దగ్గరే ఆగుతాయి. ఇంత గాలిని నేరుగా గన్‌లోకి వదిలితే గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు, వాల్వులు తట్టుకోలేవు. అందుకే రెగ్యులేటర్ దాన్ని దించి పంపుతుంది. హై ప్రెషర్ రకం నుంచి 800, 850 పీఎస్ఐ దాకా వస్తుంది. లో ప్రెషర్ రకం నుంచి 450 దరిదాపుల్లో, సూపర్ లో అనే రకం నుంచి 300 దగ్గర.

మరి 800తో వచ్చే గాలి బంతిని ఇంకా గట్టిగా తోస్తుందా? చాలామంది అలాగే అనుకుంటారు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పెయింట్‌బాల్ బరువు సుమారు 3 గ్రాములు, అడ్డుకొలత 17 మిల్లీమీటర్లు. ఆటలో ఒప్పుకునే గరిష్ఠ వేగం సాధారణంగా సెకనుకు 300 అడుగులు, అంటే దాదాపు 90 మీటర్లు. ఆ వేగంలో బంతికి ఉండే శక్తి 12 జౌల్స్. ఈ శక్తిని 25 సెంటీమీటర్ల బ్యారెల్ పొడవునా సమానంగా తోసి ఇవ్వాలంటే బంతి వెనక ఉండాల్సిన సగటు ప్రెషర్ ఎంతో తెలుసా? దాదాపు 30 పీఎస్ఐ. కారు టైరులో ఉన్నంతే! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశానేమోనని నేను మళ్ళీ వేసి చూసుకున్నాను. నిజానికి తోపు బ్యారెల్ మొదట్లో ఎక్కువగా, చివర్లో తక్కువగా ఉంటుంది. అయినా సంగతి మారదు. 4500 నుంచి 800కి, అక్కడి నుంచి గన్ లోపల 200కి, చివరికి బంతి వెనక 30కి, మెట్టు మెట్టుగా దిగుతూ వస్తుంది గాలి. వేగాన్ని నిర్ణయించేది చివరి మెట్లు, గన్‌లో మనం తిప్పే స్క్రూ. సొంత రెగ్యులేటర్ ఉన్న గన్‌లో ట్యాంకు హైదా, లోదా అన్నది బంతికి తెలియనే తెలియదు.

అయితే ఈ తేడా ఎందుకు వచ్చింది? దానికి కార్బన్ డయాక్సైడ్ రోజుల్లోకి వెళ్ళాలి. 1981 జూన్‌లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో పన్నెండు మంది తొలి ఆట ఆడినప్పుడు వాడినవి చెట్లకీ పశువులకీ రంగు గుర్తులు వేసే పిస్టళ్ళు, వాటిలో చిన్న కార్బన్ డయాక్సైడ్ గొట్టాలు. ఆ వాయువు సీసాలో ద్రవంగా ఉంటుంది. 21 డిగ్రీల దగ్గర దాని ఆవిరి ప్రెషర్ సుమారు 850 పీఎస్ఐ. ఆ తర్వాత చాలా ఏళ్ళు గన్‌లు ఈ ప్రెషర్‌కి తగ్గట్టే తయారయ్యాయి. చిక్కేమిటంటే ఈ ప్రెషర్ వాతావరణాన్ని బట్టి మారిపోతుంది. సున్నా డిగ్రీల్లో 500కి పడిపోతుంది, 30 డిగ్రీల్లో 1000 దాటుతుంది. గబగబా పేలిస్తే ద్రవం ఆవిరవుతూ సీసానే చల్లబరుస్తుంది, బంతులు దగ్గర్లోనే రాలిపోతాయి. మామూలు గాలిని నింపే ట్యాంకులు వచ్చాక ఈ బెడద తగ్గింది. పాత గన్‌లకి కూడా పనికిరావాలి కాబట్టి వాటి రెగ్యులేటర్లని అదే 850 దగ్గర పెట్టారు. హై ప్రెషర్ అనేది ఆ పాత వాయువు వదిలిపోయిన కొలత.

కాబట్టి ఎంపిక మీ గన్ మీదే ఆధారపడుతుంది. టిప్‌మన్ 98 లాంటి మెకానికల్ గన్‌లో సొంత రెగ్యులేటర్ ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వచ్చి వాల్వుని కొడుతుంది, అది రెప్పపాటు తెరుచుకుంటుంది. ఆ కొద్ది సమయంలో వచ్చిన గాలే బంతినీ తోయాలి, సుత్తినీ వెనక్కి నెట్టి మళ్ళీ సిద్ధం చేయాలి. 450తో వచ్చే గాలికి ఆ రెండు పనులూ తలకు మించిన భారం. బంతి నీరసంగా వెళ్తుంది, సుత్తి సగంలో ఆగుతుంది. గన్ పాడైందనుకుని విప్పి చూసుకుంటే లోపల అంతా బాగానే ఉంటుంది. ఇలాంటి గన్‌లకి హై ప్రెషర్ తప్ప వేరే మాట లేదు.

ఎలక్ట్రానిక్ గన్‌ల కథ వేరు. వాటిలో సొంత రెగ్యులేటర్ ఉండి గాలిని 150, 200 దాకా దించుతుంది. చాలావాటికి ఏ ట్యాంకైనా సరిపోతుంది. కానీ 850 నుంచి 150కి దించడం కంటే 450 నుంచి దించడం ఆ చిన్న రెగ్యులేటర్‌కి తేలిక. లోపలి సీలు అరిగి గాలి కారినా లోపలికి చేరే దెబ్బ కాస్త తగ్గుతుంది. అందుకే కొన్ని గన్‌ల మాన్యువల్‌లో లో ప్రెషర్ వాడమని రాసి ఉంటుంది. ఆ మాట వినండి. రెండు రకాల గన్‌లూ మార్చి మార్చి వాడేవాళ్ళకీ, ఇంకా గన్ తేల్చుకోనివాళ్ళకీ నా సలహా హై ప్రెషరే. ఎక్కువైన దాన్ని గన్ దించుకోగలదు, తక్కువైన దాన్ని పెంచుకోలేదు.

లో ప్రెషర్ అయితే ఎక్కువ షాట్లు వస్తాయని కొందరంటారు. 3000 ట్యాంకు 800కి దిగేసరికి లోపల ఇంకా పావు వంతు గాలి మిగులుతుంది, 450కి దిగితే ఆరో వంతు కంటే తక్కువే. చూడటానికి పెద్ద తేడాలా ఉంది. కానీ ట్యాంకు 800 కంటే కిందికి వెళ్ళాక హై ప్రెషర్ రెగ్యులేటర్ గాలిని ఆపేయదు, పూర్తిగా తెరుచుకుని ఉన్నదంతా వదులుతుంది. గన్‌కి 200 చాలు అంటే అది ఇంకా ఆడుతూనే ఉంటుంది. గాలి ఎంత మిగిలిపోవాలో తేల్చేది గన్ ఆకలే.

రెగ్యులేటర్ లోపల బొటనవేలంత పిస్టన్, దాని కింద బలమైన స్ప్రింగులు ఉంటాయి. బయటి వైపు గాలి నిండగానే పిస్టన్ స్ప్రింగుని అణిచి, తన కొసని ప్లాస్టిక్ సీటు మీద ఆనించి దారి మూస్తుంది. షాట్ పేలగానే ప్రెషర్ పడిపోతుంది, స్ప్రింగు పిస్టన్‌ని లేపుతుంది, గాలి మళ్ళీ వస్తుంది. స్ప్రింగు గట్టిదైతే హై, మెత్తనిదైతే లో, అంతే తేడా. ఆ సీటు మీద గీత పడిందంటే దారి పూర్తిగా మూసుకోదు, ప్రెషర్ మెల్లగా పైకి పాకుతుంది. రెండు నిమిషాలు గన్ ఊరికే ఉంచి కాల్చితే మొదటి బంతి మిగతావాటికంటే వేగంగా పోవడం దీని లక్షణం. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దగ్గర ఇది వెంటనే పట్టుబడుతుంది. ప్రెషర్ మరీ పెరిగితే పగిలి గాలిని వదిలేసే పల్చటి రేకులు రెగ్యులేటర్‌కి ఉంటాయి. గాలి గన్‌లోకి వెళ్ళే వైపు రేకు సాధారణంగా 1800 దగ్గర పగులుతుంది.

ఇంత గాలితో ఆటలాడకూడదు. నింపే ముక్కులో ఒక్క చుక్క నూనె కూడా వేయకండి. హఠాత్తుగా నొక్కుకుపోయిన గాలి వేడెక్కి నూనెని అంటించగలదు. గన్ నుంచి ట్యాంకు విప్పేటప్పుడు తిరుగుతున్నది మొత్తం ట్యాంకా, లేక రెగ్యులేటర్ నుంచి విడిపోతున్న సీసా ఒక్కటేనా అని కళ్ళారా చూసుకోండి. కార్బన్ డయాక్సైడ్ సీసాలు అలా వాల్వు నుంచి ఊడి, రాకెట్‌లా ఎగిరి ప్రాణాలు తీసిన ఘటనలున్నాయి. అమెరికా నిబంధనల్లో కార్బన్ ఫైబర్ ట్యాంకులకి అయిదేళ్ళకోసారి నీటి ప్రెషర్ పరీక్ష ఉంటుంది, మామూలుగా పదిహేనేళ్ళకి వాటి ఆయుష్షు తీరుతుంది.

పాత ట్యాంకు కొంటుంటే ఇంకో సంగతి. దాని మీదున్న చిన్న గేజి చూపేది లోపలున్న ప్రెషర్‌ని, బయటికి వచ్చేదాన్ని కాదు. అది హైదో లోదో తెలియాలంటే ట్యాంకు మూతికి టెస్ట్ గేజి బిగించి చూడాలి. గన్ బాగుచేసేవాళ్ళ దగ్గర ఆ గేజి ఉంటుంది, పట్టే సమయం ఒక్క నిమిషం.