సెకండ్ హ్యాండ్ కయాక్ కొనేవారికి: కొన్ని అపోహలు – వాస్తవాలు

మార్చి నెల వచ్చిందంటే సియాటెల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ల నుంచి నాకు ఫొటోలు రావడం మొదలవుతుంది. 10 అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పు, పెద్ద కాక్‌పిట్ (మనిషి కూర్చునే చోటు) ఉన్న ప్లాస్టిక్ కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఫొటో పంపి, "వెడల్పుగా ఉంది కాబట్టి తిరగబడదు కదండీ?" అని అడుగుతారు. కయాక్‌ల మరమ్మతు, శిక్షణ నా వృత్తి కావడంతో ఈ ప్రశ్నకు నేను ఎన్నిసార్లు జవాబు చెప్పానో లెక్కలేదు. అడిగేవారి భయం న్యాయమైనదే. ఆ భయాన్ని పోగొట్టడానికి ఎవరో చెప్పిన మాటే తప్పు.

అపోహ: వెడల్పు ఎక్కువైతే భద్రత ఎక్కువ.

వాస్తవం: కదలని నీటిలో వెడల్పు పడవ నిలకడగానే ఉంటుంది. కానీ పక్కనుంచి మోటారుబోటు అల వచ్చినప్పుడు వెడల్పైన అడుగుభాగం ఆ అల వాలునే అనుసరించి, మనిషితో సహా ఒరిగిపోతుంది. ఏ కయాక్ అయినా ఏదో ఒకనాడు తిరగబడుతుంది కనుక, తిరగబడిన తరువాత అది ఏమవుతుందన్నదే కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న. కాక్‌పిట్‌కు ముందూ వెనుకా బల్క్‌హెడ్‌లు, అంటే నీరు దాటనివ్వని అడ్డుగోడలు, ఉంటే నీరు ఆ మధ్య భాగానికే పరిమితమవుతుంది. తెడ్డు కొసకు ప్యాడిల్ ఫ్లోట్ (గాలి నింపిన లేదా నురుగుతో చేసిన తేలే సంచి) తగిలించి, ఎక్కి కూర్చుని, చేతి పంపుతో తోడేయవచ్చు. ముందు బల్క్‌హెడ్ లేకపోతే నీరు పడవ ముందు కొస దాకా నిండుతుంది. 150 లీటర్లు చేరితే అది 150 కిలోల బరువు, దాన్ని నీటిలో ఒంటరిగా ఎవరూ ఎత్తి ఒంపలేరు.

ఇది నేను అనుభవించి తెలుసుకున్నాను. ఇక్కడికి వచ్చిన తొలి ఏడాది, ఏప్రిల్‌లో, ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం సమ్మామిష్ సరస్సులో నా పడవ తిరగబడింది. గోదావరి కాలువలో ఈత నేర్చుకున్నవాణ్ణి, ఒడ్డు 100 గజాల దూరమే. అయినా నీటిలో పడగానే ఊపిరి నా ప్రమేయం లేకుండా ఎగబీల్చుకుపోయింది. పడవ ముందు భాగం మునిగి, వెనుక కొస రెండడుగులు మాత్రమే పైకి తేలి నిలిచింది. లైఫ్ జాకెట్ జేబులో ఈల ఉంది, కానీ ఆ జిప్పు పట్టుకోవడానికి నా వేళ్లు వంగలేదు. అటుగా చేపలు పట్టడానికి వచ్చిన దంపతులు తమ బోటులోకి లాగి కాపాడారు.

"ఈత వచ్చు, ఎండగా ఉంది" అన్న ధీమా ప్రాణం మీదికి తెస్తుందని అందుకే పదే పదే చెబుతాను. గాలి 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున కూడా ఏప్రిల్‌లో ఇక్కడి సరస్సుల నీరు 10 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ నీరైతే వేసవిలోనూ పెద్దగా వేడెక్కదు. మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 సూత్రం ప్రకారం, అతి చల్లని నీటిలో పడ్డవారికి ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం పడుతుంది, చేతులూ కాళ్లూ మాట వినేది సుమారు 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. లైఫ్ జాకెట్ లేనివారికి ఆ గంట దక్కదు. కాబట్టి దుస్తులు గాలిని చూసి కాక నీటిని చూసి వేసుకోవాలి. మీ దగ్గర 1,000 డాలర్లు ఉంటే అందులో సగమైనా వెట్‌సూట్‌కో (తడిసినా ఒంటి వేడిని నిలిపే దుస్తులు) పాత డ్రైసూట్‌కో (నీరు లోపలికి రానివ్వని దుస్తులు) కేటాయించండి. పాత డ్రైసూట్ అయితే మెడ, మణికట్టు దగ్గరి లేటెక్స్ పట్టీలను మెల్లగా సాగదీసి, బీటలు ఉన్నాయేమో చూడండి. వాటిని మార్పించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

ఒకరోజు విహారాలకు 12 నుంచి 14 అడుగుల పొడవు, 23 నుంచి 26 అంగుళాల వెడల్పు, రెండు బల్క్‌హెడ్‌లు, చుట్టూ పట్టుకోవడానికి తాళ్లు ఉన్న పడవను వెతకండి. వెనుక హ్యాచ్‌లో (సామాను అర మూత తీసి) ఒక బకెట్ నీళ్లు పోసి, పడవను ముందుకు వంచి, కాక్‌పిట్‌లోకి కారుతోందో లేదో గమనించండి. తరువాత ముందు హ్యాచ్‌లోనూ పోసి, వెనక్కి వంచి చూడండి. బల్క్‌హెడ్ అంచుల దగ్గర కొద్దిగా ఊరితే మెరైన్ సీలెంట్‌తో సరిచేయవచ్చు, దానికి భయపడి మంచి పడవను వదులుకోవద్దు.

మిగిలిన పుకార్లకు ఇంత వివరణ అక్కర్లేదు. అడుగున గీతలు ఉంటే పడవ పాడైనట్లు కాదు, అయితే ఈడ్చుకుపోవడం వల్ల వెనుక కొస పలచబడిందేమో వేలితో నొక్కి చూడాలి. అమెరికాలో అమ్మిన కయాక్ వయసు అమ్మకందారు మాటను బట్టి తేల్చుకోనక్కర్లేదు, వెనుక కుడి పక్కన చెక్కిన 12 అక్షరాల గుర్తింపు సంఖ్యలో చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరాన్ని చెబుతాయి. పడవ మోయగలదని రాసిన బరువు గరిష్ఠ పరిమితి మాత్రమే, అందులో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోండి.

డబ్బు ఇచ్చే ముందు, చలికి వేసుకునే దుస్తులూ బూట్లూ తొడుక్కునే అందులో కూర్చోండి. వట్టి కాళ్లతో సరిపోయిన పడవలో బూట్లు ఫుట్ పెగ్‌ల (పాదాలు ఆనించే ఆధారాల) దగ్గర ఇరుక్కోవడం నేను తరచూ చూస్తుంటాను, తిరగబడినప్పుడు బయటపడటానికి అదే ఆటంకమవుతుంది.