పిల్లల నిబ్బరం వెనుక ఎవరున్నారు?

కష్టాల్లో పెరిగిన పిల్లలు రాటుదేలతారని తేలిగ్గా అనేస్తుంటాం. ఆ మాటలో నిజమెంతో హవాయిలోని కవాయి దీవిలో చాలా ఓపికగా పరిశీలించారు.

1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్, ఆమె సహచరి రూత్ స్మిత్ నలభయ్యో పడి దాకా గమనిస్తూ వచ్చారు. చెరకు, అనాస తోటల్లో పనిచేసే కుటుంబాలు అక్కడ చాలా ఉండేవి. దాదాపు మూడో వంతు పిల్లలకు పేదరికంతో పాటు కాన్పు నాటి ఇబ్బందులు, ఇంట్లో తాగుడు, గొడవలు, తల్లిదండ్రుల మానసిక అనారోగ్యం కలిసొచ్చాయి. అలాంటి ప్రతి ముగ్గురిలో ఇద్దరు పద్దెనిమిదేళ్లలోపే చదువులోనో ప్రవర్తనలోనో దెబ్బతిన్నారు. ఒక్కరు మాత్రం చక్కగా ఎదిగారు.

లోకం ఆ ఒక్కరి గురించే ఎక్కువ మాట్లాడుకుంది. 1970ల్లో ఇలాంటివాళ్లను ఏ దెబ్బా తగలని పిల్లలు అనేవారు. ఆ పేరు నాకు బాధ కలిగిస్తుంది, మిగతా ఇద్దరిదే తప్పన్నట్టు. నిలబడిన పిల్లల్లో చాలామందికి చిన్నప్పటి నుంచి కలుపుగోలు స్వభావం ఉన్న మాట నిజమే. కానీ వాళ్లకు తోడు మనుషులూ దొరికారు. అమ్మానాన్నల వల్ల కాని చోట అమ్మమ్మో, అక్కో, పక్కింటివాళ్లో, దగ్గరకు తీసుకున్న టీచరో. దెబ్బతిన్నవాళ్లలోనూ చాలామంది తర్వాత మళ్లీ చదువుకునో, మంచి తోడు దొరికో నిలదొక్కుకున్నారు.

మరి డబ్బు మాటేమిటి? పేదరికం వల్ల పిల్లలు ఇబ్బంది పడుతున్నారా, ఇబ్బందులున్న కుటుంబాలే పేదరికంలోకి జారుతున్నాయా అన్న వాదన చాలాకాలం నడిచింది. దానికి కొంత జవాబు అమెరికాలోని నార్త్ కరోలినాలో దొరికింది. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ కాస్టెల్లో బృందం 1993 నుంచి అక్కడ 1,420 మంది పిల్లలను ఏటా పరీక్షిస్తూ వచ్చింది. వాళ్లలో నాలుగో వంతు ఆదివాసులు. ఆ పరిశీలన సాగుతుండగానే ఆ ఆదివాసులైన చెరోకీ తెగవాళ్ల ప్రాంతంలో ఒక కేసినో తెరిచారు. దాని లాభాల్లో వాటా తెగలోని ప్రతి ఒక్కరికీ, ఏ షరతూ లేకుండా, అందసాగింది.

ఆ డబ్బుతో పేదరికం దాటిన ఇళ్లలో పిల్లల మొండితనం, దుడుకు ప్రవర్తన తగ్గి, ఎన్నడూ పేదరికం చూడని పిల్లల స్థాయికి వచ్చాయి. ఆందోళన, దిగులు మాత్రం తగ్గలేదు. 2003లో వెలువడిన ఈ ఫలితాల్లో నాకు ముఖ్యమనిపించేది ఆ మార్పుకు పరిశోధకులు చూపిన కారణం: పిల్లలు ఎక్కడున్నారో, ఎవరితో తిరుగుతున్నారో కనిపెట్టుకుని ఉండే తీరిక ఆ తల్లిదండ్రులకు దొరికింది.