తాతగారి విల్లు మళ్ళీ వంగుతుందా?

ఇంగ్లండ్‌లో నాతో పనిచేసే ఒకావిడ కిందటి చలికాలంలో దుప్పటిలో చుట్టిన పొడవాటి కర్ర ఒకటి మా ఇంటికి తెచ్చింది. "మా తాతది. నారి కట్టి ఒక్క బాణమైనా వేయాలని ఉంది" అంది. విప్పి చూస్తే యూ అనే చలిదేశపు చెట్టు కర్రతో చేసిన లాంగ్‌బో, అంటే పొడవాటి విల్లు. నిలబెడితే నాకన్నా ఎత్తుంది. రెండు కొసలకూ కొమ్ము తొడుగులు, పిడి చుట్టూ వెలిసిపోయిన వెల్వెట్ గుడ్డ, బాణం రాసుకునే చోట గోరంత ముత్యపు చిప్ప ముక్క. పిడి పైన 48 అని అంకె. పూర్తిగా లాగడానికి 48 పౌన్లు, అంటే సుమారు 22 కిలోల బలం కావాలని.

నారి కట్టి చూద్దామని నాకూ చేతులు దురదపెట్టాయి. కానీ ఏళ్ల తరబడి కదలని విల్లును అలా వంచితే ఫెళ్ళున విరగొచ్చు. ముక్కలు మొహం మీదికొస్తాయి.

ఎందుకు విరుగుతుందో చెప్పాలంటే కర్ర లోపలికి వెళ్లాలి. మన వడ్రంగి ఏ కర్ర చూసినా ముందు చేవ ఎంతుందో చూస్తాడు. గుమ్మానికైనా మంచానికైనా చేవే కావాలి. బెరడు కింది తెల్లచెక్కకు పురుగు పడుతుందని చెక్కి పారేస్తాడు. యూ విల్లు చేసేవాళ్లు మాత్రం ఆ తెల్లచెక్కను ప్రాణంలా కాపాడుకుంటారు. విల్లు లాగినప్పుడు బయటివైపు సాగుతుంది, మనవైపు నలుగుతుంది. సాగే పని తెల్లచెక్కది, నలుగుడు ఓర్చుకునే పని ఎర్రటి చేవది. రెండు గుణాలూ ఒకే దుంగలో పక్కపక్కన పెరగడం యూ చెట్టు ప్రత్యేకత. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

1545లో పోర్ట్స్‌మత్ దగ్గర మునిగిపోయిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకలో దొరికిన విల్లులు కూడా యూ కర్రవే. 130కి పైగా చెక్కుచెదరకుండా దొరికాయి. వాటిని లాగడానికి 100 నుంచి 185 పౌన్ల బలం కావాల్సి వచ్చేదని అంచనా. మన 48 వాటి ముందు ఎంత! ఇది సరదాగా గురి చూసి కొట్టే ఆటకు చేసింది.

చెక్కలోని కణాలు సన్నని గొట్టాల్లా నిలువుగా పేర్చి ఉంటాయి. వాటి గోడల్లో సెల్యులోజ్ పోగులుంటాయి. లాగితే తాడులా బిగుసుకుంటాయి. నొక్కితే మాత్రం, కూల్‌డ్రింక్ స్ట్రాను రెండు కొసలా పట్టుకుని నొక్కినట్టు, ఒక చోట మడత పడతాయి. మామూలుగా చెక్క లాగుడుకు ఓర్చుకునే దానిలో సగం నొక్కుడుకు కూడా ఓర్చుకోదు. అందుకే చాలా విల్లుల్లో మొదటి దెబ్బ మనవైపు ముఖం మీదే, చప్పుడు లేకుండా తగులుతుంది. అడ్డంగా వెంట్రుకంత గీత పడుతుంది. నిపుణులు దాన్ని క్రిసల్ అంటారు. అది గీత కాదు, మడత. ఒకసారి మడతపడ్డ పోగు మళ్ళీ నిటారు కాదు. అక్కడ కర్ర మెత్తబడుతుంది కాబట్టి తర్వాత లాగినప్పుడల్లా వంపంతా అక్కడికే వచ్చి చేరుతుంది.

గదిలో లైటు ఆర్పి, టార్చిని కర్రకు దాదాపు ఆనించి పక్కవాటుగా వెలుగు వేశాను. పై కొమ్మ, అంటే పిడికి పైనున్న సగం, శుభ్రంగా ఉంది. కింది కొమ్మలో, పిడికి జానెడు దూరంలో గీతలు కనిపించాయి. వేలెడు మేరలో నాలుగు. గోరుతో రాస్తే నాలుగోది తగిలింది. ఆవిడ ఏమీ అనలేదు. టార్చి తీసుకుని చాలాసేపు తనే చూసింది.

మిషన్‌తో రుద్ది తళతళలాడించమని ఎవరో ఆవిడకు సలహా ఇచ్చారట. అదొక్కటి వద్దన్నాను. వంగే కర్ర బిగువు దాని మందం ఘనాన్ని బట్టి, అంటే మందం × మందం × మందం లెక్కన మారుతుంది. 25 మిల్లీమీటర్ల మందంలో ఒక్క మిల్లీమీటరు పోతే బిగువు 11 శాతానికి పైగా తగ్గుతుంది. ఉప్పుకాగితంతో ఒక సాయంత్రం ఉత్సాహంగా రుద్దితే చాలు, చేసినవాడి లెక్కంతా మట్టిలో కలుస్తుంది.

పాత పూత ఏమిటో తెలుసుకోవడానికి దూదికి స్పిరిట్ అద్ది, కనపడని చోట కొద్దిగా తాకించాను. జిగురుగా కరిగింది. లక్క! ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే ఆ లక్కే, వేరే రూపంలో. కరిగేదే కాబట్టి పాతదాన్ని గీకే పని లేదు. మాసినచోట తడి పిండిన గుడ్డతో మురికి తీసి, సన్నటి కొత్త పూత వేస్తే పాతదానిలో కలిసిపోతుంది. పై కొమ్ము తొడుగు ఊడి కదులుతోంది. లోపలున్నది తోలూ ఎముకలూ ఉడికించి తీసే పాతకాలపు సరేసు. గోరువెచ్చటి నీటి తడికి మెత్తబడి వచ్చేసింది. మళ్ళీ సరేసుతోనే అతికించాం. ఎపాక్సీ అనే ఈకాలపు రసాయన జిగురైతే ఇంకా గట్టిగా పట్టేది. కానీ రేపు ఇంకొకరు విప్పాల్సి వస్తే తొడుగు పగలాల్సిందే.

విల్లు ఇన్నాళ్ళూ హీటరు పైన గోడకు వేలాడుతోందని తెలిసి బాధేసింది. మరీ ఎండిన చెక్క పెళుసెక్కుతుంది, తేమ ఎక్కువైతే వంపు తిరిగి లేవదు. చెక్కలో తేమ 8 నుంచి 10 శాతం మధ్య ఉంటే మేలు. ఇప్పుడు హాల్లో లోపలి గోడకు, రెండు కొయ్య మేకుల మీద అడ్డంగా పడుకుని ఉంది. నారి లేదు.

మరి బాణం సంగతి? మేరీ రోజ్ విల్లుల్లో కణాలు క్షీణించి పాత బలం మిగల్లేదు. కాబట్టి వాటి కొలతలతో కొత్తవి చేసి లాగి చూశారు. మేమూ అదే దారి పట్టాం. కొస నుంచి కొసకు ఆరంగుళాలకొకచోట వెడల్పూ మందమూ కాలిపర్‌తో కొలిచి కాగితం మీద రాసుకున్నాం. యూ కర్ర దుంగ ఒకటి కొని, రెండుగా చీల్చి, కొసలు తొందరగా ఎండి పగలకుండా పెయింటు పూసి మా షెడ్డులో పెట్టాం. ఆవిడ నెలకోసారి వచ్చి దాన్ని తూచి, బరువు గోడ మీద పెన్సిల్‌తో రాసి వెళ్తుంది. ఇంకా తగ్గుతూనే ఉంది. ఆ అంకె కదలడం ఆగేదాకా చెక్కడం మొదలుపెట్టం.